తత్వవేత్తలంటే రోముకు ఎందుకంత జంకు?

క్రీ.శ. 93 ప్రాంతంలో డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను రోము నుంచి వెళ్లగొట్టాడు. అంతకు రెండు దశాబ్దాల ముందు వెస్పేషియన్ చేసిందీ అదే పని. ఆ వెళ్లగొట్టినవారిలో ఉన్న స్టోయిక్కుల తత్వం కష్టాల్లో ఉన్నవాడికి చెప్పే ఊరడింపేనని నేటికీ చాలామంది అనుకుంటారు. ఊరడింపు మాటలకు ఏ రాజూ భయపడడు. వాళ్లు నేర్పింది సాధన. పాలకులను కలవరపెట్టింది అదే. డొమిషియన్ వెళ్లగొట్టినవారిలో ఎపిక్టెటస్ ఒకడు. నీరో చక్రవర్తి కొలువులో పనిచేసిన ఎపాఫ్రోడిటస్‌కు ఆయన ఒకప్పుడు బానిస. గ్రీసులోని నికోపోలిస్‌లో బడి పెట్టాడు. గ్రంథాలు అప్పజెప్పి మురిసిపోయే శిష్యులంటే ఆయనకు గిట్టదు. తెల్లవారగానే వీధిలోకి వెళ్లమనేవాడు. అధికారి ఎదురైనా, బిడ్డను పోగొట్టుకున్నవాడు ఎదురైనా, ఇది నా చేతిలో ఉన్నదేనా అని వెంటనే తేల్చుకోవాలి. అంతకు ముందుతరం స్టోయిక్కు అయిన సెనెకా రాత్రి దీపం తీసేశాక, భార్య కూడా మాట్లాడకుండా ఉంటే, ఆ రోజు తానన్నవీ చేసినవీ ఒక్కొక్కటే తనముందు విచారణకు పెట్టుకునేవాడు.

రోజూ ఇలా సాముచేసిన మనసును బెదిరించడం కష్టం. సెనేటు సభ్యుడు హెల్విడియస్ ప్రిస్కస్ కథను ఎపిక్టెటస్ శిష్యులకు చెప్పేవాడు. సెనేటుకు రావద్దని వెస్పేషియన్ కబురు పెడితే, సభ్యత్వం ఉన్నంతకాలం రాక తప్పదన్నాడట. వచ్చినా నోరు మెదపవద్దంటే, అభిప్రాయం అడగకపోతే మెదపనన్నాడట. చివరికి ప్రాణం పోయింది. చావుభయం చూపి లొంగదీసుకునే ఏలుబడికి ఇలాంటివాడు కొరకరాని కొయ్య.

ఇక్కడ జర్మన్ తత్వవేత్త హెగెల్ అడ్డుతగులుతాడు: సింహాసనం మీదా సంకెళ్లలోనూ ఒకేలా ఉండే స్వేచ్ఛ ఆలోచనలో మిగిలేదే తప్ప లోకాన్ని మార్చేది కాదని. ఈ మాటను కొట్టిపారేయలేం. స్టోయిక్కు అయిన మార్కస్ అరీలియస్ 161 నుంచి 180 దాకా ఏలినా బానిసత్వం పోలేదు. నీరోకు గురువైన సెనెకా కోట్లు గడించాడు (ఆ శిష్యుడి ఆజ్ఞతోనే 65లో ప్రాణం తీసుకున్నాడనుకోండి). ఇక ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1980లలో ఈ సాధనలను మళ్లీ చర్చకు తెచ్చినప్పుడు, తన్ను తాను అందంగా మలచుకోవడమే వాటి పరమార్థమన్నట్టు చూపుతున్నాడని తత్వచరిత్రకారుడు పియర్ హాడో తప్పుపట్టాడు. విశ్వమంతటా ఉన్న వివేకంతో ఏకం కావడమే వాళ్ల గురి అన్నాడు. గురి విషయంలో హాడోదే సరైన మాట. అయినా ఆ గురి కోసం చేసిన కసరత్తు అధికారంతో తగవు తెచ్చిందన్నదీ నిజమే. హెగెల్‌కు చెప్పాల్సిందీ ఇక్కడే ఉంది. బానిసత్వాన్ని రద్దు చేయమని ఎపిక్టెటస్ అడగలేదు కానీ, రెండుసార్లు కాన్సల్ అనే అత్యున్నత పదవి పొందినవాడినీ బానిసేనన్నాడు: సీజరుకు భయపడేవాడికి సీజరే యజమాని. యజమానుల తరగతినే అలా బోనులో నిలబెట్టినవాడు ఒకనాడు సంతలో సరుకు.