వృక్ష ఫెర్నులు: సయాథియా ప్రజాతి వర్గీకరణ – విస్తరణ

పుష్పాలు, విత్తనాలు లేకుండా సిద్ధబీజాల ద్వారా వ్యాపించే ఫెర్న్ మొక్కలలో అధిక భాగం నేలబారుగా పెరిగేవే. చెట్టువలె నిటారైన కాండంతో పెరిగే ఫెర్నులలో అత్యధికం సయాథియేసీ కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో 600కు పైగా జాతులు కలవు.

లక్షణాలు: కాండం శిఖరాన పెద్ద పత్రాలు గొడుగువలె అమరి ఉంటాయి. లేత పత్రాలు చుట్టచుట్టుకొని ఉండి క్రమంగా విప్పారుతాయి. కాండం మామూలు చెట్ల మానువలె ఏటేటా లావెక్కదు. దానిని కప్పియున్న వేళ్ల పొరయే బలాన్నిస్తుంది. పత్రవృంతాలపై పొలుసులుండటం ఈ కుటుంబపు గుర్తు. డిక్సోనియా వృక్ష ఫెర్నులలో పొలుసులకు బదులు కేశాలుంటాయి.

వర్గీకరణ: 1793లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ సయాథియా ప్రజాతిని నెలకొల్పారు. చిన్న గిన్నె అను అర్థంగల గ్రీకు పదం నుండి ఈ పేరు వచ్చినది. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆల్సోఫిలా ప్రజాతిని వేరుగా వర్ణించారు. 20వ శతాబ్దంలో హోల్టమ్ వీటన్నింటినీ సయాథియాలోనే చేర్చగా, 1970లో ట్రయాన్ పొలుసుల నిర్మాణాన్ని బట్టి పలు ప్రజాతులుగా విభజించారు. డి.ఎన్.ఏ. పరిశోధనల అనంతరం 2016లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ సయాథియా, ఆల్సోఫిలా, స్ఫేరోప్టెరిస్ అను మూడు ప్రజాతులను గుర్తించినది.

విస్తరణ: నేటి పరిమిత అర్థంలో సయాథియా ప్రధానంగా అమెరికా ఉష్ణమండలానికి చెందినది. ఆల్సోఫిలా ఆఫ్రికా, మడగాస్కర్, ఆసియా ప్రాంతాలతోపాటు అమెరికాలోను కలదు. తేమ, నీడ, పొగమంచు గల కొండ అడవులు, వాగుల గట్లు వీటి నెలవులు. మన దేశంలో తూర్పు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాలు, పశ్చిమ కనుమలు, అండమాన్ నికోబార్ దీవులలో ఇవి పెరుగుతాయి. తూర్పు కనుమలలోని విశాఖ మన్యపు తేమ లోయలలో కూడా కానవస్తాయి. భారతీయ జాతులలో జైగాంటియా నల్లని పత్రవృంతాలతోను, స్పైన్యులోసా ముళ్లతోను గుర్తింపబడతాయి.

సంరక్షణ: ఆర్కిడ్ మొక్కల పెంపకానికై వేళ్ల పొరతో కూడిన కాండాన్ని నరకడం, వాగుల వెంట అడవి తరిగిపోవడం వీటికి ప్రధాన ముప్పు. సాధారణంగా పెరుగుదల అంకురం శిఖరాన ఒక్కటే ఉండటంవలన దానిని నరికిన మొక్క తిరిగి చిగురించదు. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధంలో సయాథియా జాతులు చేర్చబడినవి. భారతదేశం 1976 నుండి ఇందులో భాగస్వామి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఈ ఒడంబడికలోని జాతుల వాణిజ్య నియంత్రణకు ప్రత్యేక అధ్యాయం ఏర్పరచినది. ఒడంబడికలో సయాథియా అను పేరు విస్తృతార్థంలో వాడబడినందున, ఆల్సోఫిలా, స్ఫేరోప్టెరిస్‌లుగా పేరు మారిన జాతులకు సైతం రక్షణ వర్తిస్తుంది. కావున తనిఖీలందు పాత, కొత్త పేర్లు రెండింటినీ గమనించుట అవసరం.