సంతకం ఉన్న పద్దు

చాకలి పద్దు ఎంత ముచ్చటగా ఉంటుందో చూశారా? చీరలు నాలుగు, దుప్పట్లు రెండు, తువ్వాళ్ళు ఆరు. అంతే. అదే ఆఫీసు కాగితమైతే 'తగు చర్య తీసుకోబడును' అంటుంది. ఎవరు తీసుకుంటారో, ఎప్పుడో మాత్రం ఉండదు!

పని జరిగే రాతంటే నాకు మన్యం గుర్తుకొస్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసిన గిరిజనులకి తెల్లదొరల కాలంలో ఆరణాల కూలి అని చెప్పి, చేతిలో అణానో రెండణాలో పెట్టేవారు. చెప్పే అంకె ఒకటి, ఇచ్చేది మరొకటి.

ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో భగ్గుమంది. అల్లూరి సీతారామరాజు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. చింతపల్లిలో ఆయుధాలు తీసుకుని, ఊరికే వెళ్ళిపోలేదు. 11 తుపాకులు, 1390 తూటాలు, ఇంకా కత్తులు, బాయ్‌నెట్లు — ఏవి ఎన్ని పట్టుకెళుతున్నాడో స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టాడు. దొంగ ఎక్కడైనా రసీదు ఇస్తాడాండీ?

ఆ సంతకం ఖరీదు ఆయనకి తెలుసు. 1924 మే 7న కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది.

భాష చాలక మన రాతలు సాగిపోతాయనుకుంటాం. నన్నడిగితే, కింద పేరు పెట్టడానికి జంకేవాళ్ళ ఉత్తరమే అన్నిటికన్నా పొడుగు. ఏమిటి, ఎన్ని, ఎవరు — ఈ మూడూ ఉంటే చీటీ అయినా చాలు.