ప్లగ్గు పెట్టగానే విడిపోయే రేకు

గిటార్ ఆంప్లిఫయర్ కిట్ విప్పితే ముందు కంటబడేవి ట్రాన్స్‌ఫార్మర్లూ, వాల్వులూ. ఇన్‌పుట్ జాక్‌లు ఏ అడుగునో చిన్న పొట్లంలో ఉంటాయి. ఒకదాన్ని తీసి వెలుతురులో పెట్టి చూడండి. ప్లగ్గు మొనను ఒడిసిపట్టే వంపు రేకు ఒకటి, దాన్ని ఆనుకుని మరో బుల్లి రేకు. ప్లగ్గు దూరిస్తే మొదటిది పైకి లేచి రెండోదాన్ని వదిలేస్తుంది, తీస్తే మళ్లీ వచ్చి ఆనుకుంటుంది. ఈ ఏర్పాటు గిటార్ కోసం పుట్టింది కాదు. ఎలక్ట్రిక్ గిటార్ రావడానికి యాభై ఏళ్ల ముందే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పుట్టింది.

1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్ ఊళ్లో జార్జ్ కోయ్ తొలి వాణిజ్య స్విచ్‌బోర్డు తెరిచాడు. చందాదారులు 21 మంది. బండ్లకు బిగించే బోల్టులు, టీ పాత్రల మూతల పిడులు, ఆడవాళ్ల గౌన్లు వెనక ఎత్తుగా నిలవడానికి వాడే తీగలు పోగుచేసి ఆ బోర్డు కట్టారు. 21 మందికి అది చాలు. వందల మందికి ఎలా చాలుతుంది? ఒక లైనును ఇంకో లైనుకు రెప్పపాటులో కలిపి, అంతే తేలిగ్గా విడదీసే సాధనం కావాలి. చికాగోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజినీరు చార్లెస్ స్క్రిబ్నర్ చేసిన స్విచ్ ఆ అవసరం తీర్చింది. చూడటానికి మడతకత్తిలా ఉండటంతో దాన్ని జాక్‌నైఫ్ స్విచ్ అన్నారు. వాడుకలో కత్తి రాలిపోయి జాక్ మిగిలింది.

దాని అసలు పనితనం విడదీయడంలో ఉంది. ఎవరైనా ఫోన్ పిడి తిప్పగానే బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర ఒక చిన్న రెక్క పడేది. ఆ రెక్కను పడేసే విద్యుదయస్కాంతం లైనుకే తగులుకుని ఉండేది. ఆపరేటరు ప్లగ్గు దూర్చగానే రేకు లేచి ఆ అయస్కాంతాన్ని తప్పించేది, మాట నేరుగా తీగలోకి వెళ్లేది. వేరే స్విచ్ నొక్కే పనే లేదు. ప్లగ్గు పెట్టడమే స్విచ్ వేయడం.

పెద్ద నగరాల్లో ఒకే లైనుకు చాలామంది ఆపరేటర్ల ముందు జాక్‌లు ఉండేవి. లైను ఖాళీయో కాదో తెలియాలంటే ప్లగ్గు మొనను జాక్ అంచుకు తాకించేవాళ్లు. చెవిలో టిక్కుమంటే ఎవరో మాట్లాడుతున్నట్టు. మొనకు టిప్ అని, వెనక లోహపు తొడుగుకు స్లీవ్ అని, మూడు కనెక్షన్ల ప్లగ్గులో మధ్యనున్న పట్టీకి రింగ్ అని పేర్లు. ఆ రింగ్ గంట మోగడం కాదు, ఉంగరమే.

ఆ ప్లగ్గుది పావు అంగుళం మందం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఎక్స్ఛేంజీలో వేల సార్లు పెట్టి తీసినా తట్టుకున్న ప్లగ్గు కాబట్టి ఆంప్లిఫయర్లు కట్టేవాళ్లు దాన్నే అందుకున్నారు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేయడంతో మొదలుపెట్టిన లియో ఫెండర్ ఆ బుల్లి రేకుతో చేసిన పని నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది.

1950ల చివరి ఫెండర్ ఆంప్లిఫయర్ ఛాంప్ నమూనా, 5ఎఫ్1 తీసుకోండి. దీని కిట్లు ఇప్పటికీ చాలామంది కడతారు. రెండు జాక్‌లు, 68 కిలో ఓముల రెసిస్టర్లు రెండు, 1 మెగా ఓము ఒకటి. అంతే సామాను. ఒకటో జాక్ బుల్లి రేకు గ్రౌండుకు, రెండో జాక్ బుల్లి రేకు ఒకటో జాక్ టిప్‌కు వెళతాయి. గిటార్ ఒకటో దాంట్లో పెడితే రెండు 68లూ పక్కపక్కన కలిసి 34 అవుతాయి, సిగ్నల్ మొత్తం వాల్వులో దాన్ని అందుకునే గ్రిడ్‌కు చేరుతుంది. రెండో దాంట్లో పెడితే ఒకటో జాక్ ఖాళీగా ఉండి గ్రౌండుకు తగులుకుని ఉంటుంది కాబట్టి, ఒక 68 దారి అవుతుంది, ఇంకొకటి గ్రౌండుకు దించుతుంది. గ్రిడ్‌కు సగమే అందుతుంది. అంటే 6 డెసిబెల్స్ తక్కువ. ఏదీ పెట్టకపోతే గ్రిడ్ గ్రౌండును పట్టుకుని మౌనంగా ఉంటుంది. రేడియో స్టేషన్లు చొరబడకుండా కాసేదీ ఈ రెసిస్టర్లే.

నా మొదటి కిట్‌లో జాక్‌కు తీగలు అతికించే టిప్ ట్యాగ్‌కూ, బుల్లి రేకుదైన స్విచ్ ట్యాగ్‌కూ తీగలు తారుమారయ్యాయి. కిట్‌తో వచ్చిన బొమ్మ జాక్‌ను వెనకనుంచి చూపిస్తోంది, నేను ముందునుంచి చూసి టంకం వేశాను. ప్లగ్గు తీస్తే నిశ్శబ్దం, పెడితే గుయ్యిమని హోరు. గిటార్ జాడ మాత్రం లేదు. రెండు రోజులు వాల్వులు మారుస్తూ కూర్చున్నాను. ప్లగ్గు పెట్టినప్పుడు గిటార్ సిగ్నల్ నేరుగా గ్రౌండులోకి పోతోందని, గ్రిడ్ ఒంటరిగా గాలిలో హోరు పట్టుకుంటోందని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి ఒక్క తీగ కూడా అతికించకముందే జాక్‌ను బల్లమీద పెట్టి మల్టీమీటర్‌ను బజర్‌లో ఉంచుతాను. మీటరు మొన ఒకటి వంపు రేకు ట్యాగ్ మీద, ఇంకొకటి అనుమానమున్న ట్యాగ్ మీద. ప్లగ్గు లేనప్పుడు మోగి, దూర్చగానే ఆగిపోతే అదే స్విచ్ ట్యాగ్. దానికి పెన్నుతో చుక్క పెట్టాకే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెడతాను.