అచ్చులో ఉదయించని సూర్యుడు

క్లాద్ మోనే గీసిన 'ఇంప్రెషన్, సూర్యోదయం' చిత్రాన్ని నేను మొదటిసారి చూసింది ఒక పాత పుస్తకంలో, నలుపు తెలుపుల అచ్చులో. మంచు ఉంది, నీళ్ళున్నాయి, ఒక పడవ ఉంది. సూర్యుడు మాత్రం లేడు! అచ్చు వేసినవాడి నిర్వాకమేనని చాలాకాలం విసుక్కున్నాను.

కాన్వాసుపై సంతకం పక్కన 72 అని ఉంది. అంటే 1872. ఫ్రాన్సు ఉత్తర తీరాన, మోనే బాల్యం గడిచిన లె హావ్ర్ రేవు. ప్రష్యాతో జరిగిన యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయి అప్పటికి ఏడాదే అయింది. యుద్ధకాలంలో మోనే లండనులో తలదాచుకున్నాడు. మంచు వెనుక క్రేన్లూ, ఓడల తెరచాప కొయ్యలూ, పొగగొట్టాలూ లీలగా కనిపిస్తాయి. దేశం మళ్ళీ పనికి లేస్తున్న వేళగా కొందరు దీన్ని వ్యాఖ్యానించారు. కావచ్చు. నాకు మాత్రం అందులో ఉత్సాహం కంటే, ఇంకా నిద్ర వదలని ఊరి దిగులే ఎక్కువగా తోస్తుంది.

ఆ దిగులంతా రంగు పూసిన తీరులోనే ఉంది. నీలి బూడిదరంగును పలుచగా పరిచాడు. పడవకు నాలుగు నల్లని గీతలు చాలాయి. సూర్యుడికీ, నీటిలోని ప్రతిఫలనానికీ మాత్రం చిక్కని నారింజరంగు. అయితే ఆ సూర్యుడు చుట్టూ ఉన్న ఆకాశం కంటే కాంతిమంతుడు కాడు! రంగులోనే భేదం, వెలుగులో ఇంచుమించు సమానం. రంగును గుర్తించే దృష్టికి అతడు కనబడతాడు, వెలుగును మాత్రమే కొలిచే దృష్టికి కనబడడు. అందుకే ఒకచోట నిలువక కదులుతున్నట్లు ఉంటాడని నాడీశాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరించారు. అది చదివాక కంప్యూటరులో చిత్రానికి రంగు తీసివేసి చూశాను. సూర్యుడు మంచులో కలిసిపోయాడు. పాపం, ఆ అచ్చువాణ్ణి ఇన్నేళ్ళూ అన్యాయంగా తిట్టుకున్నాను.

1874 ఏప్రిల్‌లో, పారిస్‌లో ఫొటోగ్రాఫరు నదార్ ఒకప్పటి స్టూడియోలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. గోడకు అంటించే కాగితమైనా ఇంతకంటే పూర్తిగా ఉంటుందని లూయీ లెరువా అనే విమర్శకుడు వెటకారమాడి, ఆ చిత్రకారులందరినీ 'ఇంప్రెషనిస్టులు' అన్నాడు. ఎగతాళే బిరుదైంది. బిరుదు కడుపు నింపదు కదా! ఆ ఏడు 800 ఫ్రాంకులు పలికిన చిత్రం, కొన్నవాడు దివాలా తీయగా 1878లో 210కే అమ్ముడుపోయింది.

1985లో దొంగలు ఎత్తుకుపోతే 1990లో కోర్సికా దీవిలో దొరికింది. పారిస్‌లోని మార్మొత్తాన్ మ్యూజియం దాని నివాసం. అసలును కళ్ళారా చూసే యోగం నాకింకా కలగలేదు. ఆ పాత పుస్తకం మాత్రం భద్రంగా ఉంది.