అమృతాంజనం పుట్టింది మన బొంబాయిలోనే



దేవుడి గూట్లో పసుపు కుంకుమలు ఉన్నట్టే మన ఇళ్ళల్లో మంచం పక్కన అమృతాంజనం సీసా ఒకటి ఉంటుంది. తలనొప్పి అయినా, నడుం పట్టేసినా, మోకాళ్ళు సలిపినా ముందు చెయ్యి దానికోసమే వెతుకుతుంది. అది మద్రాసు సరుకని మన పిల్లలు అనుకుంటారు. కానీ అది 1893లో మన బొంబాయిలో, ఒక తెలుగువాడి చేతిలో పుట్టింది.

ఆయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బతుకుదెరువు వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి మందుల వ్యాపారం నేర్చుకున్నారు. ఆ తర్వాత బొంబాయి చేరి కొంతకాలం ఉద్యోగం చేసి, చివరికి సొంతంగా ఈ లేపనం తయారీ మొదలుపెట్టారు. కొత్త సరుకును ఎవరు నమ్ముతారు? అందుకని సంగీత కచేరీలకు వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచిపెట్టారని చెబుతారు. వాడి చూసినవాళ్ళు మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కున్నారు.

ఆ రాబడిలో పెద్ద భాగం తెలుగుకే ఖర్చయింది. 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది కూడా బొంబాయి నుంచే. 1914లో మద్రాసుకు మారి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చింది. అమృతాంజనం 1936లో లిమిటెడ్ కంపెనీ అయింది. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరులో కుదిరిన ఒడంబడికకు శ్రీబాగ్ అనే పేరు మద్రాసులోని ఆయన ఇంటి నుంచే వచ్చింది. 1938లో ఆయన కన్నుమూశారు. ఊళ్ళో వాళ్ళ నొప్పులకు అమ్మిన సీసాల డబ్బుతో ఒక భాషకు పత్రికలు, పుస్తకాలు సమకూరాయి. పరాయి రాష్ట్రంలో సంఘం నడుపుకునే మనం ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన నొప్పుల సంగతి. బొంబాయికి తెలుగువాళ్ళు వచ్చింది ఒళ్ళు వంచి పనిచేయడానికే. ఇళ్ళు, రోడ్లు కట్టిన కామాఠీల పేరుతోనే కామాఠీపురా ఏర్పడింది. తర్వాత తెలంగాణ నుంచి పద్మశాలీలు వచ్చి గిర్నీల్లో మగ్గాల మీద నిలబడ్డారు. షిఫ్టు అంతా నిలబడే పని. కాళ్ళ నరాలు ఉబ్బడం, మడమలు వాయడం, నడుం పోవడం వాళ్ళకు మామూలు. 1982 సమ్మె తర్వాత గిర్నీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నొప్పులు మాత్రం వాళ్ళ ఒంట్లోనే ఉండిపోయాయి. చాళ్ళలో రాత్రిపూట వచ్చే ఆ ఘాటు వాసన వెనక ఉన్న చరిత్ర ఇది.

ఇలాంటి నొప్పుల లేపనాల్లో సాధారణంగా ఉండేవి కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ నూనె. నీలగిరి తైలం ఇచ్చే చెట్టు ఆస్ట్రేలియాది. తెల్లదొరలు 19వ శతాబ్దంలో నీలగిరి కొండల్లో నాటడంతో మన భాషలో దానికి ఆ కొండల పేరే స్థిరపడింది. వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ శాలిసిలేట్ ఆస్పిరిన్‌కు చుట్టం. మెంథాల్ చర్మంలో చల్లదనం తెలిపే నాడులను తట్టిలేపుతుంది, కర్పూరం వెచ్చదనం పుట్టిస్తుంది. ఆ చల్లదనం, మంట తగలగానే అసలు నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది. రాసినచోట చర్మంలో రక్తనాళాలు వెడల్పై ఎర్రబడుతుంది. 'రక్తం బాగా ఆడుతోంది' అని మన పెద్దలు అనేది దీన్నే. అయితే ఆ ప్రభావం చాలావరకు పైపైనే. ఉబ్బిన నరాన్ని అది సరిచేయలేదు, లోపల పూడిన రక్తనాళాన్ని తెరవలేదు.

అమృతాంజనం కన్నా ముందు నుంచీ మన ఆడవాళ్ళ చేతిలో వేరే మందులున్నాయి. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళ స్నానం, వాము మూటతో కాపడం, నువ్వుల నూనె మర్దన, శొంఠి కషాయం. వేడి, మర్దన, విశ్రాంతి కలిసి పట్టేసిన కండరాన్ని వదులు చేస్తాయి. ఖర్చు తక్కువ, హాని కూడా తక్కువ.

ఇప్పుడు వాటి స్థానంలో డబ్బాలు వచ్చాయి. పసుపు సారం, మిరియాల సారం, వెల్లుల్లి, గింకో గుళికలు. 'రక్తప్రసరణ పెరుగుతుంది, మోకాళ్ళ నొప్పి పోతుంది, ప్రకృతి మందు కాబట్టి హాని లేదు' అని వాట్సాప్‌లో రోజూ వస్తోంది. పింఛను డబ్బుల్లోంచి మన పెద్దలు కొంటున్నారు. కూరలో వేసే పసుపు వేరు, సారం తీసి గుళికలో దట్టించిన పసుపు వేరు. మోకాళ్ళ అరుగుదల నొప్పికి పసుపు సారం కొంత ఉపశమనం ఇచ్చిందని చిన్న చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. అవే గుళికల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు కూడా కొన్ని దేశాల్లో నమోదయ్యాయి. గుండెజబ్బుకో, పక్షవాతానికో రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు ఇవి కూడా కలిపి మింగితే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. వార్ఫరిన్ వాడేవాళ్ళు వింటర్‌గ్రీన్ లేపనాన్ని కూడా ఒళ్ళంతా పట్టించకూడదు.

అందుకే సభ్యులందరికీ మా మనవి. పది అడుగులు నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గుతోందంటే కాలి రక్తనాళం సన్నబడిందేమో చూపించుకోవాలి. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మర్దన చేయకండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. షుగరు ఉన్నవాళ్ళు స్పర్శ తగ్గిన పాదానికి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె పిల్లలకు అందనీయకండి. వింటర్‌గ్రీన్ నూనె ఒక్క చెంచాడు కడుపులోకి పోయినా చిన్నబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడే గుళికల డబ్బాలు కూడా సంచిలో వేసుకెళ్ళండి.

పంతులుగారి లేపనం నూటముప్పై ఏళ్ళు దాటినా నిలిచింది. నొప్పికి కాసేపు ఊరట ఇస్తుందంతే, అంతకుమించి ఆశించకుండా వాడుకుందాం. గిర్నీల్లో పనిచేసిన మీ తాతలు, నాన్నలు, అమ్మలు నొప్పులకు ఏం వాడేవారో ఇంట్లో అడిగి ఇక్కడ రాయండి. పత్రికల చరిత్ర ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మన చాళ్ళ చరిత్రను మాత్రం మనమే రాసుకోవాలి.