గుర్తింపు కార్డు – ఇంటి గుట్టు

ఊరు విడిచి వచ్చినవానిని కొత్త ఊరు మొట్టమొదట అడుగు ప్రశ్న "నీవెవరవు?" అని. స్వగ్రామమున ఈ ప్రశ్న లేదు. ఫలానావారి మనుమడనిన చాలును. బాగేపల్లిలోను, చింతామణిలోను, చిక్కబళ్ళాపురములోను వీధి వీధిని తెలుగు మాట వినబడుచునే యున్నది. అయినను బ్రతుకుతెరువునకు వచ్చిన మనబోటివారికి అద్దె యింటికైనను, గ్యాసు కనెక్షనుకైనను, పిల్లల బడికైనను కార్డు చూపక గడవదు. ఆ కార్డు చరిత్రను గూర్చి ఈ ఉగాది సంచికలో నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

నేను రైల్వే గుమాస్తాను. కార్డులు చూచుట నాకు అలవాటే. కాని పోయిన సంవత్సరము ఒక సాయంకాలము శెనక్కాయలు కొని యింటికి వచ్చి పొట్లము విప్పగా, ఆ కాగితము ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు కాపీ! ప్రక్కయింటి కుర్రవాడు దానిమీది చదరపు గుర్తునకు సెల్‌ఫోను ఎదురుగా పట్టెను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, పన్నెండంకెల సంఖ్య అన్నియు తెరపై నిలిచినవి. సరిహద్దునకు ఆవలి పల్లెవాడు, పాపము, ఏ పనికై ఎవరికిచ్చిన కాపీయో అది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనిచ్చిన కాపీలు ఎన్ని యే అంగళ్ళలో నున్నవో!

మనిషిని ముద్రతో గుర్తించుట కొత్త విద్య కాదు. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను దొర ఒక కంట్రాక్టరుచేత ఒప్పంద పత్రముపై అరచేతి ముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. పిదప ఈ విద్య సముద్రము దాటి వలసవారి మీదికి మరలెను. 1860లో 'ట్రూరో' ఓడపై మద్రాసునుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలీలుగా పోయినవారిలో తెలుగువారును కలరు. ఆ ప్రక్కనున్న ట్రాన్సువాలులో 1907లో ఒక చట్టము వచ్చెను. ఆసియావాసులు వ్రేలిముద్రలిచ్చి, పత్రము పుచ్చుకొని, పోలీసు అడిగినప్పుడెల్ల చూపవలెనట. గాంధీజీ దానిని ఎదిరించి చెరసాలకు పోయిరి. ఇష్టపూర్వకముగానైన ఇత్తుమని రాజీపడి తామే ముద్రలు వేసిరి. అప్పటికిని నిర్బంధ చట్టము తొలగకపోగా, 1908 ఆగస్టు 16న జోహాన్సుబర్గులో రెండు వేలకు పైగా పత్రములు అగ్నికి ఆహుతియైనవి. ఆ గాంధీజీయే 1927లోను, 1936లోను మన నందికొండపై విశ్రాంతి గొనిరి.

స్వతంత్ర భారతమున 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రములోని తెంభ్లీ గ్రామమున తొలి ఆధార్ సంఖ్యలు ఇయ్యబడినవి. దీనివలన వలసవానికి ఉపకారము లేకపోలేదు. పూర్వము రేషను కార్డు ఊరిలో విడిచి వచ్చినవానికి ఇక్కడ గింజ పుట్టెడిది కాదు; నేడు ఆధారుతో ముడిపడిన కార్డుపై రాష్ట్రము దాటినను బియ్యము దొరకును. అయితే చిక్కు ఎచ్చట? ఆంధ్రలో పుచ్చుకొనిన కార్డుపై తెలుగు అక్షరము లుండును. ఇక్కడ చిరునామా మార్పించిన కన్నడ అక్షరములు వచ్చును. ఆ చదరపు గుర్తునకు మాత్రము ఏ లిపియు లేదు. యంత్రమునకే చదువ వచ్చును. మన గుట్టును మనమే చదువలేక జేబులో మోయుచున్నాము. పాత కార్డులలో నది ఏ ఫోనుకైనను లొంగెడిది. 2018లో దానికి డిజిటల్ సంతకము చేర్చి, సంఖ్యలో చివరి నాలుగంకెలే ఉంచిరి. సంతకము దొంగకార్డును పట్టును గాని, చదువువానిని ఆపదు.

2017 మేలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వారు ఒక నివేదికను వెలువరించిరి. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు బయలుపడియుండెనని వారి అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఒకటి ఉపాధి హామీ కూలీల చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది.

ఈ విషయమున న్యాయస్థానము తలుపు తట్టినవారిలో కన్నడ సోదరుడొకరు అగ్రగణ్యులు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో, ఎనుబదియారేండ్ల ప్రాయమున, సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2018 సెప్టెంబరు 26నాటి తీర్పు ఆధారును నిలిపినను, ప్రైవేటు కంపెనీలు దానిని నిర్బంధముగా అడుగరాదనెను. పుట్టస్వామిగారు 2024 అక్టోబరులో దివంగతులైరి.

ట్రాన్సువాలులో పత్రము కాల్చిరి. మనము కాల్చ నక్కరలేదు, జాగ్రత్త పడిన చాలును. చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు మాస్కు ఆధార్ కాపీని ఇయ్యవచ్చును. కాపీపై అడ్డముగా "ఫలానా పనికి మాత్రమే" అని తేదీతో వ్రాయుడు. వేరొక కార్డు చాలుచోట ఆధార్ తీయకుడు. ఎవరవని అడిగిన తలయెత్తి చెప్పుదము; అడిగినదానికి మించి చెప్పవలసిన పని మనకు లేదు.

నూతన సంవత్సరమున మన యిండ్ల తలుపులు బంధువులకు తెరచియుండుగాక! మన యింటి గుట్టు మన యింటనే యుండుగాక!