మొగల్తూరు రాజుగారి సుగర్ స్ట్రిప్సు

మొన్న సంక్రాంతికి ముందు నా జీమెయిల్‌కి ఒక ఆర్డరు తాలూకు మెయిలొచ్చింది. సుగర్ టెస్టు స్ట్రిప్సు రెండు డబ్బాలు, మోకాలికి వేసుకునే బెల్టు ఒకటి. అడ్రసు మొగల్తూరు, వయా నరసాపురం. పేరు అచ్చంగా నాదే, ఇనీషియల్సుతో సహా. ఊరు మాత్రం నాది కాదు. ఎవరిదో పొరపాటని వదిలేశాను. నాలుగో రోజు ఇంకో మెయిలు: ఫోను కలవడం లేదు, ఇంటి గుర్తులు లేవు, రెండు రోజుల్లో సరిచేయకపోతే పార్సిలు వెనక్కి పంపేస్తామని.

ఈ పేర్ల తికమక గోదావరి జిల్లాల్లో కొత్తేం కాదు. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. నలుగురన్నదమ్ములుంటే నలుగురిళ్ళలోనూ అదే పేరు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. అందుకే ఊళ్ళో మిల్లు రాజుగారు, కాలవగట్టు రాజుగారు అని గుర్తులు పెట్టుకుని బతికేస్తారు. పోస్టుమేన్‌కి కూడా ఆ గుర్తులే ఆధారం.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. ఒకే పేరున్న ఊళ్ళు, రకరకాల భాషల్లో రాసిన అడ్రసులతో ఉత్తరాలు దారి తప్పుతున్నాయని తపాలా శాఖలో శ్రీరామ్ భికాజీ వేలంకర్ తయారుచేసిన పద్ధతి అది. కానీ 534తో మొదలయ్యే ఆ ఆరంకెలు ఉత్తరాన్ని మొగల్తూరు పోస్టాఫీసు దాకానే తెస్తాయి. అక్కణ్ణుంచి ఏ రాజుగారో తేల్చాల్సింది మనిషే.

మనిషి కూడా పొరబడతాడు కాబట్టి చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 1898 నాటి ఇండియన్ పోస్టాఫీసు చట్టంలో 68వ సెక్షన్ అచ్చంగా దీనికోసమే. వేరేవాళ్ళకి చేరాల్సిన ఉత్తరం మన చేతికొస్తే, దాన్ని దురుద్దేశంతో దాచేసుకుంటే రెండేళ్ళ దాకా జైలు. 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్‌లో అమల్లోకి వచ్చి పాతదాన్ని రద్దు చేసేసిందనుకోండి. అయినా తప్పు ఇంటికి చేరిన ఉత్తరం ఒక సమస్య అని వందేళ్ళ కిందటే ఎవరో కూర్చుని ఆలోచించారు.

ఇహ మన వైపు చూద్దాం. 1971లో రే టాంలిన్‌సన్ మెయిల్ అడ్రసులో @ గుర్తు పెట్టాడు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 821లో 551 అని ఒక జవాబు ఉంది: ఈ మనిషి ఇక్కడ లేడు, ఫలానా చోట చూడండి అని. అచ్చు పోస్టుమేన్ మాట. వీఆర్‌ఎఫ్‌వై అని ఒక కమాండ్ కూడా ఉంది, ఫలానా యూజరు ఉన్నాడా అని అడగడానికి. స్పామర్లు దాంతో పేర్లు ఏరుకోవడం మొదలెట్టాక చాలా సర్వర్లు దాన్ని మూసేశాయి. అయినా ఇవేవీ మా రాజుగారిని కాపాడేవి కావు. నా డబ్బా ఉంది, నేనూ ఉన్నాను. సర్వర్ దృష్టిలో అంతా సవ్యమే!

దీనికి మందు కూడా పాతదే. 1990ల్లోనే లిస్ట్‌సర్వ్, మేజర్‌డోమో లాంటి వాటిలో ఎవరైనా మీ పేరు చేరిస్తే, ముందు మీకు ఒక మెయిలు పంపి, మీరు ఔనన్నాకే చేర్చుకునే ఏర్పాటు ఉండేది. ఒక్క లింకు, ఒక్క క్లిక్కు. 2007 అక్టోబరులో మహబూబ్‌నగర్‌కి చెందిన ఒకాయన జాన్ వుడ్ పుస్తకం కోసం ఫ్లిప్‌కార్ట్‌కి మొట్టమొదటి ఆర్డరు పెట్టినప్పుడు ఆ లింకు లేకపోయినా ఫరవాలేదు, ఒక్క కస్టమరే కదా. కోట్లమంది వచ్చాక కూడా లేదంటే మాత్రం అది కావాలని తీసేసిందే.

ఎలా తెలుసంటారా? రెండేళ్ళ కిందట ఒక షాపింగ్ సైటుకి పనిచేస్తూ ఆ లింకు తీసేసిన కోడు రాసింది నేనే. లింకు నొక్కకుండానే జనం వెళ్ళిపోతున్నారన్నారు, సరేనన్నాను. ఆ రివ్యూలో ఎవరూ, నేనూ, తప్పు మెయిల్ ఐడీ ఇచ్చినవాడి గతేంటని అడగలేదు.

డబ్బు సంగతి మన దేశంలో కొంత నయం. 2009 ఆగస్టు నుంచి రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి రెండో తాళం తప్పనిసరి చేసింది. 2022 అక్టోబరు నుంచి షాపులు కార్డు నంబర్లు దాచుకోకూడదు. కానీ పాస్‌వర్డ్ మర్చిపోయారా అన్న లింకు మెయిలుకే వస్తుంది. నేను నొక్కితే చాలు, రాజుగారి అకౌంటు నాది. ఇల్లెక్కడ, ఏ జబ్బుకి ఏం కొంటున్నారు, అన్నీ. సాయం చేద్దామని లోపలికెళ్ళినా, ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం అది అనుమతి లేని ప్రవేశమే. వేలు మౌసు మీదే ఉంది చాలాసేపు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, "సర్, ఆ అకౌంటులో లాగినై రిక్వెస్టు పెట్టండి" అన్నారు :-)

చివరికి నరసాపురంలో మావయ్యకి ఫోన్ చేశాను. (అదీ తప్పేనేమో, ఇంకొకరి సంగతి చెప్పడం. స్ట్రిప్సని మాత్రం చెప్పలేదు.) "ఒరేయ్, ఆ పేరుతో మొగల్తూర్లో ఎంతమందున్నారనుకున్నావు?" అన్నాడు. అంటూనే బండేసుకుని వెళ్ళి పోస్టాఫీసులో అడిగాడట. "అబ్బాయి అమెరికాలో ఉన్నారు, ఆరేనాండీ?" అని ఒక్క నిమిషంలో తేల్చేశారు. కొరియర్ కుర్రాణ్ణి మావయ్యే వెంటబెట్టుకెళ్ళాడు.

అబ్బాయిగారు డాలస్ నుంచి నాన్నగారి పేరుతో అకౌంటు తెరిచి, మెయిల్ ఐడీ చివర ఉండాల్సిన అంకెలు మర్చిపోయారు. ఇచ్చిన ఫోను పాత సిమ్ముది, ఎప్పుడో ఆగిపోయింది. రద్దయిన నంబరుని 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని 2023లో ట్రాయ్ సుప్రీంకోర్టుకి చెప్పింది. తర్వాత ఇస్తారన్నమాట. మెయిల్ వద్దు, ఓటీపీ చాలు అనేవాళ్ళు ఇది కాస్త చూడాలి.

అబ్బాయిగారు ఐడీ మార్చుకుని థాంక్స్ చెప్పారు. నేను పాత టీమ్‌లో ఉన్న స్నేహితుడికి చెప్పి, ఆ లింకు మళ్ళీ పెట్టమని ఒక టికెట్ వేయించాను. లో ప్రయారిటీ అని మార్క్ చేశారట. వారానికోసారి అడుగుతూనే ఉన్నాను.